ఎర్రదీపానికి కాస్త ముందు

పర్లాకిమిడి బస్టాండు వెనక,
ఆటోల మీటర్లకీ ట్రాక్టర్ల గేజీలకీ
మా నాన్న ముళ్లు దిద్దిన రేకుల కొట్లో
లేని కారుకి నేను డాష్‌బోర్డు కడుతున్నాను.

కారు లేదంటే నిజంగా లేదు.
బల్లకి బిగించిన స్టీరింగు ఉంది,
పాత తలుపు చెక్క మీద మూడు పెడళ్లు,
బ్రేకు నొక్కితే కుర్చీ వెనక్కి జరుగుతుందని
దాని కాళ్లకి అడ్డంగా రెండు ఇటుకలు.
తెరమీద ఎక్కడిదో తడిసిన తారు.
ఎంత వేగమో, ఇంజను ఎన్ని చుట్లో
సెకనుకి అరవైసార్లు ఒక తీగ
నా బోర్డు చెవిలో అంకెలు పోస్తుంది.
అంకెలు చదువుకుంటూ ఎవరు తోలగలరు?
ముల్లు కావాలి.

తుక్కు కొట్టులో తూకానికి కొన్న లారీ మీటరు.
పగిలిన అద్దం, లోపల ఎండిన బొద్దింక,
నాలుగు లక్షల కిలోమీటర్ల దగ్గర ఆగిన అంకెలు.
వాటిని కదపలేదు. అవి ఇంకొకరివి.
వెనక కేబులు పీకి
గోరంత స్టెప్పరు మోటారు కూర్చోబెడితే
పాత ఇనప ముల్లు దానికి మోయలేని మోపు.
నాలుగు వేలు దాటేసరికి అడుగు తప్పి
అబద్ధం చెప్పడం మొదలెట్టింది.

గేదె కొమ్ముతో కొంగలు చెక్కే
బృందావన్ మహారాణా దగ్గరికి పోయాను.
కాగితం మీద గీసి చూపిస్తే
"ఏ పిట్టకి ఈ ముక్కు?" అన్నాడు ఒడియాలో.
ఎగరని దానికి, అన్నాను.
నవ్వలేదు. ఆకురాయి అందుకున్నాడు.
సాయంత్రానికి అరచేతిలో పెట్టాడు,
ఈనె కన్నా తేలిక,
దీపానికడ్డం పడితే చివర తేనె రంగు.
గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుందని
ఇంటిదాకా నోరు మూసుకునే నడిచాను.

ఆ పైన దీపాల వరస.
మూడు పచ్చ, మూడు పసుపు, రెండు ఎరుపు.
ఎనిమిదీ ఒక్కసారి నీలంగా కొట్టుకుంటే
గేరు మార్చమని.
కళ్లలో పొడవకుండా వాటికి
హోమియో మాత్రల సీసాల తెల్ల మూతలు తొడిగాను.
ఇంకా స్పిరిట్ వాసన.

దాలయ్య మామ వచ్చి కూర్చున్నాడు.
మోహన ఘాటీలో ముప్పయ్యేళ్లు
జీడిపిక్కల లోడు ఎక్కించినవాడు,
కంటికి ఆపరేషనై ఇప్పుడు నల్లద్దాలవాడు.
"ఈ బండిలో సరుకేటే అమ్మీ?"
ఏం లేదు మామా.
"సరుకు నేకుండా ఎందుకే ఇంత బేగి?"

కాసేపు విని, అన్నాడు:
"నీ దీపం ఆలస్యం."
ఏడువేల రెండొందలకి సరిగ్గా వెలుగుతోంది,
కొలిచాను, అన్నాను.
"దీపం సరిగ్గానే ఎలుగుతంది.
అది సూసి, బుర్రకి తెలిసి, సెయ్యి లేసేసరికి
బండి ఏడ్సేసింది."
కళ్లు మూసుకున్నాడు.
స్పీకరులో ఇంజను గొంతు పైకెక్కుతుంటే
బల్ల మీద వేలితో టక్.
అప్పటికింకా పసుపే.
మళ్లీ టక్. మళ్లీ పసుపు.
"అడిగినాక ఇత్తే ఏటి గొప్ప,
అడగబోతన్నప్పుడు ఇయ్యాల."

నలభైసార్లు కొట్టించి లెక్కకట్టాను.
నూట నలభై మిల్లీసెకన్లు.
రెండో గేరులో ముల్లు పరుగు, అయిదులో నడక,
ఎక్కడైనా ఆయన వేలికి అంతే ముందు.
ప్రోగ్రాంలో ఆ అంకెకి పేరొకటి పెట్టాలి కదా,
దాలయ్య అని పెట్టాను.
పూణే నుంచి ఆర్డరిచ్చిన కుర్రాడు ఫోన్ చేశాడు,
మీ దీపాలు తొందరపడుతున్నాయండీ అని.
దాలయ్యని కొంచెం తగ్గించుకోండి, అన్నాను,
మీది పడుచు చెయ్యి.

రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది.
తారు పోయింది, వాన పోయింది, ఇంజను పోయింది.
స్ప్రింగు లేని ముల్లు కదా,
ఆరువేల ఎనిమిదొందల దగ్గరే నిలబడిపోయింది.
కరెంటొచ్చాక వెనక్కి, వెనక్కి పోయి
మేకుకి కొట్టుకుంటే గాని
తన సున్నా ఎక్కడో దానికి తెలీదు.
అగ్గిపెట్టె కోసం తడుముతున్నాను.
చీకట్లో, బల్ల మీద,
మామ వేలు టక్‌మంది.